వంతెన దాటేదాకా తెలుగు లేదు

పోయిన నెల మా అమ్మాయి స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. వందేళ్ల కిందటి అమెరికా వేషాలతో వాళ్ల స్కూల్లో ఒక డాన్సు సాయంత్రం పెట్టారట. తలకి ఈకల పట్టీ, కుచ్చులు ఊగే గౌను, మెడలో బొడ్డుదాకా ముత్యాల దండ, వెనకాల జాజ్ సంగీతం. వేషం ఒక్కటే చాలదు, మాట కూడా అప్పటిదే ఉండాలని టీచరు ఒక జాబితా అచ్చు వేసి ఇచ్చింది. ఎడమ పక్క ఆ కాలపు మాట, కుడి పక్క దాని అర్థం.

నేను వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్నాను. వెల్లింగ్టన్ గాలికి కిటికీ దడదడలాడుతోంది. మా అమ్మాయి గట్టుమీద కూర్చుని ఎడమ పక్క మాటలు చదువుతూ పకపకా నవ్వుతోంది.

"బీజ్ నీస్ అట మమ్మీ! తేనెటీగ మోకాళ్లు! దానికి మీనింగ్ ఏంటో తెలుసా?"

"చాలా బాగుంది అని," అన్నాను.

అది కాగితం కుడి పక్క చూసుకుంది. "ఓకే. క్యాట్స్ పజామాస్?"

"అదీ అంతే. ఇంకాస్త ఎక్కువ బాగుందని."

"యాపిల్‌సాస్?"

"ఒట్టి సోది అని."

"ఆల్ వెట్?"

"నువ్వు చెప్పేది శుద్ధ తప్పు అని."

అది నవ్వు ఆపేసింది. నా ఇంగ్లీషుని తండ్రీ కూతుళ్లు కలిసి వెక్కిరించని రోజు ఈ ఇంట్లో ఉండదు. అలాంటి నాకు, వాళ్ల టీచరు ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్న మాటలన్నీ నోటికి రావడం దానికి మింగుడుపడలేదు. "హౌ డు యూ నో దిస్?" అని నిలదీసింది.

"మా ఆంటీ ఇలాగే మాట్లాడేది."

"ఏ ఆంటీ?"

పిండి చేతులతోనే కాగితం లాక్కుని చూశాను. ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. హార్స్‌ఫెదర్స్, యాండ్ హౌ, గిగిల్ వాటర్, స్పిల్ ఇట్. ఇవన్నీ ఒకప్పుడు ఒక దేశం దేశమంతా కుర్రకారు మాట్లాడుకున్న మాటలని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఇద్దరు ఆడవాళ్ల సొంత భాష అనుకున్నాను. ఇద్దరూ పోయారు కాబట్టి భాష కూడా పోయిందనుకున్నాను.

ఏ ఆంటీ అంటే, మా చుట్టం కాదు. టౌరంగాలో నేను ఉద్యోగానికి చేరిన, ముసలివాళ్లు ఉండే రెస్ట్ హోమ్‌లో నాకన్నా ముందు నుంచీ పనిచేస్తున్న తెలుగావిడ. అప్పటికే అరవై దగ్గర పడింది. ఐదడుగులు కూడా ఉండదు. తల వెనక ముడి, దానికి నల్లటి వల. గుండెల మీద పిన్నుతో తగిలించుకున్న వాచీ, నర్సులు పెట్టుకునే తలకిందుల వాచీ. ఆవిడకి ఇష్టంలేని మాట ఎవరైనా అంటే జవాబు చెప్పేది కాదు. ఆ వాచీని రెండు వేళ్లతో పైకి తిప్పి చూసుకునేది. అవతలివాళ్ల మాట ఎంతసేపు సాగుతుందో లెక్క కడుతున్నట్టుండేది. మేనేజరు దగ్గర్నుంచి డాక్టరు దాకా ఆ వాచీకి అందరూ జంకేవాళ్లు.

గది గదికీ వెళ్లి తలుపు మీద రెండుసార్లు తట్టి, "హౌజ్ ట్రిక్స్?" అని లోపలికి అడుగుపెట్టేది. ఎలా ఉన్నారు అని దానర్థం. కొత్త స్వెటర్ వేసుకున్న ముసలమ్మని చూస్తే నడుం మీద చేతులు వేసుకుని, "మేడమ్, యూ ఆర్ ద క్యాట్స్ పజామాస్," అనేది. తొంభై ఏళ్ల ఆ ముసలమ్మ సిగ్గుపడిపోయేది. చర్చికి తప్ప షికారుకి వెళ్లని మనిషి, చుక్క ముట్టని మనిషి, క్రిస్మస్‌కి ముసలివాళ్లకి గ్లాసుల్లో వైన్ పోస్తూ, "గిగిల్ వాటర్, సర్? ఓన్లీ హాఫ్," అంటుంటే మేం పొట్టలు పట్టుకునేవాళ్లం. వారానికోసారి రెస్ట్ హోమ్‌కి ఒక పెంపుడు కుక్కని తెచ్చేవాళ్లు. అది ముఖం నాకబోతే వేలు చూపించి, "బ్యాంక్ ఈజ్ క్లోజ్డ్!" అనేది. కుక్కల్ని అదిలించడానికి ఇంగ్లీషులో అదే మాట అని ఆవిడ నమ్మకం. మా అమ్మాయి కాగితంలో కుడి పక్క చూస్తే, ముద్దులు ఇప్పుడు కుదరవు అని అబ్బాయిలకి చెప్పే మాట అని రాసి ఉంది. ఆంటీకి ఇది తెలిస్తే వాచీ తిప్పుకునేది.

ఆవిడ దారులన్నీ తనకి తెలుసుననే మనిషి. కారులో ఫోన్ మ్యాప్ పెట్టేది కానీ, ఆ ఫోన్‌లో అమ్మాయి ఎడమకి తిరగమంటే, "యాపిల్‌సాస్!" అని కుడికి తిప్పేది. మ్యాప్ దారి మార్చుకుని మళ్లీ చెబితే, "నౌ యూ ఆర్ టాకింగ్, కిడ్డో," అని మెచ్చుకునేది. నేను పక్క సీట్లో కూర్చుని నవ్వాలా వద్దా అని చూసేదాన్ని.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను గుంటూరు వైపు నర్సింగ్ చదివి వచ్చాను. మా ఆయన కివీపళ్ల ప్యాక్‌హౌస్‌లో పని. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. రాత మొదటిసారే వచ్చేసింది. మాట్లాడే భాగం రెండుసార్లు తప్పాను. అందాకా కేర్‌గివర్‌గా, అంటే స్నానాలూ పక్కలూ మార్చే పనిలో చేరాను. తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో నాకు ఇంగ్లీషులో గొంతు పెగిలేది కాదు. ఎవరేమడిగినా "యెస్", "నో", "ఓకే". వీసా ఇంకో పది నెలలుంది. మూడోసారి కూడా తప్పితే మూటా ముల్లే సర్దుకుని తిరిగి వెళ్లడమే.

ఆంటీ నన్ను రోజూ తన కారులో తీసుకెళ్లేది. మా ఇళ్లు హార్బరు వంతెనకి ఇవతల, రెస్ట్ హోమ్ అవతల. రెండో వారంలో ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు నేను తెలుగులో ఏదో మొదలుపెట్టగానే వేలెత్తింది.

"ఇదిగో అమ్మాయ్, ఇవ్వాళ్టి నించీ ఒక రూలు. వంతెన దాటేదాకా తెలుగు లేదు. అటువైపు ఉన్నంతసేపూ ఇంగ్లీషే. ఇటు దిగాక నీ ఇష్టం, తిట్టుకో, ఏడ్చుకో, పాట పాడు."

"నాకు రాదు ఆంటీ."

"ఏంటి రాదు?"

"ఇంగ్లీష్."

"హార్స్‌ఫెదర్స్," అంది ఆంటీ. ఆ మాటకి అర్థం కూడా నాకు తెలియదు కానీ, ఒప్పుకోలేదని మాత్రం తెలిసింది.

మూడు గంటలకి మేం డ్యూటీ దిగేవాళ్లం. ఆ టైముకి వంతెన మీద కార్లు బారులు తీరి ఉండేవి. ఇరవై నిమిషాలు. నేను పెదవి విప్పితే సరే, లేకపోతే ఇద్దరం నోరు మూసుకుని ఓడరేవులో దుంగల గుట్టలు చూస్తూ కూర్చునేవాళ్లం. ఆవిడ నా తప్పులు దిద్దేది కాదు. నేను ఎంత ముక్కలుగా మాట్లాడినా రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ఒక కనుబొమ ఎత్తి, "యాండ్ హౌ!" అనేది. అవును మరి, భలేగా చెప్పావు అని.

ఒకరోజు వంతెన దిగాక ధైర్యం చేసి అడిగాను. "ఆంటీ, ఏమీ అనుకోకండి. మీలా ఇంగ్లీషు ఇక్కడ ఎవరూ మాట్లాడరు."

"తెలుసే. వచ్చిన మొదటి వారమే తెలిసింది. నాకు తెలీదనుకున్నావా?"

అప్పుడు చెప్పింది. కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో మిషన్ ఆసుపత్రి. అక్కడ ఒక అమెరికా డాక్టరమ్మ. కాలేజీ ముగించిన కుర్రతనంలోనే ఓడెక్కి వచ్చేసి, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఆంటీ వాళ్లమ్మ ఆ బంగళాలో వంటమనిషి. ఆంటీకి ఊహ తెలిసేసరికి డాక్టరమ్మకి అరవై ఏళ్లు, జుట్టంతా తెల్లబడింది. కానీ ఆవిడ ఇంగ్లీషు మాత్రం ఓడెక్కిన రోజు దగ్గరే ఆగిపోయింది. తన ఈడువాళ్లతో ఆడుకున్న మాటల్ని ఆ ఊళ్లో అనడానికి ఎవరూ లేక, వంటమనిషి కూతురితో అనేది.

"వంటింటి గడప దాటి వరండాలోకి వస్తే ఇంగ్లీషే మాట్లాడాలనేది. నాకు గడప. నీకు వంతెన," అంది ఆంటీ. "ఊళ్లో మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకునేవాళ్లు లేరు. ఆవిడ నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి హౌజ్ ట్రిక్స్ అని అడిగేది. ఆ మాటలు తప్పయితే నాకొచ్చిన ఇంగ్లీషంతా తప్పే అమ్మాయ్. వేరే ఇంగ్లీషు నాకెవరూ ఇవ్వలేదు."

ఇంటి సందులోకి కారు తిప్పి, "ఆవిడ పోయాక ఇవి అనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలా. నేనూ మానేస్తే ఎట్టా?" అంది.

ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద గౌరవం పెరిగిందని రాయాలి. పెరిగింది కూడా. కానీ గౌరవం వేరు, నలుగురిలో సిగ్గు వేరు. అదే సంవత్సరం నేను చేసిన పని చెప్పకుండా ఆంటీ గురించి ఎంత రాసినా అది సోదే అవుతుంది.

రెస్ట్ హోమ్‌లో ప్రతి మనిషి గురించీ డ్యూటీ దిగేముందు కంప్యూటర్‌లో నాలుగు ముక్కలు రాయాలి. ఏం తిన్నారు, ఎలా ఉన్నారు అని. తర్వాత వచ్చే నర్సు అది చదివి ఎవర్ని ముందు చూడాలో నిర్ణయించుకుంటుంది. ఆంటీ అక్కడ కూడా తన భాషలోనే రాసేది. "షి వాజ్ ఆల్ వెట్ అబౌట్ ద డే," అని రాస్తే, అంటే వారం పేరు తప్పు చెప్పిందని, కొత్తగా వచ్చిన నర్సు ఆ ముసలమ్మ పక్క తడిపిందనుకుని దుప్పట్లు పట్టుకెళ్లింది. మేనేజరు మంచి మనిషే. కానీ ఇలాగైతే లాభం లేదనుకుంది. నా రాత చక్కగా ఉంటుందని నన్ను పిలిచి, ఇకనుంచి ఆంటీ చెబుతుంటే నువ్వు మామూలు ఇంగ్లీషులో టైప్ చెయ్యి, ఆవిడ లాగిన్‌లోనే, అంది. ఆ తర్వాత మెల్లిగా, "మీ వాళ్లందరూ ఇలాగే మాట్లాడతారా?" అని అడిగింది.

నేను ఉలిక్కిపడ్డాను. "నో. షి ఈజ్ నాట్ ఎడ్యుకేటెడ్," అన్నాను. ఆరు నెలల్లో మేనేజరుతో నేనన్న మొదటి పూర్తి వాక్యం అదే.

ఆ రెస్ట్ హోమ్‌లో ఒక తాత ఉండేవాడు. తొంభై దాటాయి. ఒకప్పుడు కివీపళ్ల తోటలుండేవట. ఆంటీ తలుపు తట్టి "హౌజ్ ట్రిక్స్?" అనగానే, "ఎవ్రీథింగ్స్ జేక్!" అనేవాడు. అంతా బ్రహ్మాండంగా ఉందని. జేక్ అనే మాట ఈ దేశంలో పాతవాళ్ల నోట కూడా ఉండేదట, వాళ్ల నాన్న రోజూ అనేవాడట. మూడేళ్లుగా రోజూ పొద్దున ఆవిడ ఆ ప్రశ్న, ఆయన ఆ జవాబు. కాలు నొప్పున్నా జేక్, వాన పడుతున్నా జేక్. కూతురు చూడ్డానికి వస్తానని రాకపోయిన రోజు కూడా కాస్త ఆలస్యంగా జేక్.

ఒక గురువారం రెండున్నరకి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆంటీ తన రూలు ప్రకారం ఇంగ్లీషులోనే ఒక్కొక్కరి గురించీ చెబుతోంది, నేను టైప్ చేస్తున్నాను. తాత దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"తాత ఇవ్వాళ జేక్ అనలేదు. రాయి."

"అంటే ఏం రాయను ఆంటీ?"

"అదే రాయి. హి డిడ్ నాట్ సే జేక్. రెండుసార్లు అడిగా. నావైపు చూశాడు కానీ నేనెవరో తెలిసినట్టు లేదు. అన్నం తిన్నాడు, జ్వరం లేదు. కానీ మనిషి మనిషిలా లేడు."

ఎవరో పిలిస్తే ఆవిడ లేచి వెళ్లింది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఆంటీ ఏం చెప్పిందో నాకు నూటికి నూరుపాళ్లు అర్థమైంది. నర్సింగ్ చదివినదాన్ని, ముసలివాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే లోపల ఏదో మొదలైనట్టేనని పుస్తకంలో చదివినదాన్ని. కానీ జేక్ అనలేదని ఎలా రాయను? పోనీ నా మాటల్లో రాస్తే, కేర్‌గివర్‌వి, జబ్బు పేరు పెట్టడానికి నువ్వెవరు అంటే? నర్సు పిలిచి, కొంచెం వివరంగా చెప్పు అంటే? చెప్పాలి కదా, నోటితో.

అక్కడ అందరూ రాసే వాక్యం ఒకటుంది. "సెటిల్డ్. నిల్ కన్సర్న్స్." కుదురుగా ఉన్నారు, బెంగపడాల్సిందేమీ లేదు. నేను అది కొట్టి, మూసేసి, కారెక్కాను.

సాయంత్రం నర్సు ఆ వాక్యం చదివి తాతని చివరికి పెట్టుకుంది. మర్నాడు మేం డ్యూటీకి వెళ్లేసరికి వాకిట్లో అంబులెన్సు ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట. ఒక పూట ముందే కనిపెట్టాల్సింది అని ఆసుపత్రి డాక్టరు అన్నాడట.

సోమవారం ఆంటీకి కాగితం ఇచ్చారు, గురువారం మీటింగని. నోట్సు ఆవిడ పేరు మీద ఉంది. ఉద్యోగం పోవచ్చని అందరూ గుసగుసలాడుకున్నారు. ఇక్కడ ఇలాంటి మీటింగులకి తోడుగా ఒక మనిషిని తెచ్చుకునే హక్కుంటుంది, సపోర్ట్ పర్సన్ అంటారు. యూనియన్ మనిషిని తెచ్చుకోమన్నారు, చర్చి పాస్టరుని తెచ్చుకోమన్నారు. ఆంటీ నా పేరు రాసిచ్చింది.

ఆ మూడు రోజులూ కారులో నన్ను ఒక్క మాట అడగలేదు. వంతెనకి అటూ అడగలేదు, ఇటూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేను అన్నం తినలేకపోయాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

మీటింగులో మేనేజరు, పెద్ద నర్సు, ఆంటీ, పక్కన నేను. మేనేజరు కాగితం తిప్పి చూపించింది.

"ఇది మీరు రాసిందేనా?"

"నా పేరు మీదే ఉందమ్మా," అంది ఆంటీ, ఇంగ్లీషులో.

"ఆ రోజు ఆయనలో ఏమైనా తేడా గమనించారా?"

"హి డిడ్ నాట్ సే జేక్."

మేనేజరు పెద్ద నర్సు వంక చూసింది. "మరి గమనించినప్పుడు ఎందుకు రాయలేదు?"

ఆంటీ గుండెల మీద వాచీని రెండు వేళ్లతో పైకి తిప్పి చూసుకుంది. అబద్ధం ఆడలేదు. నన్ను చూపించలేదు. నావైపు తల కూడా తిప్పలేదు. ఆ వాచీ ఈసారి ఎవరికోసమో నాకు తెలిసింది. ఆవిడ అలాగే ఎంతసేపైనా కూర్చోగలదు. ఉద్యోగం పోయినా అలాగే లేచి వెళ్లిపోగలదు.

"ఐ టైప్డ్ ఇట్," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత ఆగలేదు. ఆవిడ నాకు చెప్పింది, నేను రాయలేదు. ఆవిడ మాటలు బాగుండవని రాయలేదు. నా మాటలు రాస్తే మాట్లాడాల్సి వస్తుందని రాయలేదు. ఆవిడ చదువుకోలేదని మీతో అన్నాను కదా, అది కూడా తప్పు. ఈ బిల్డింగులో తాత మారిపోయాడని కనిపెట్టింది ఆవిడొక్కతే. క్రియలు తప్పాయి, కాలాలు తప్పాయి, ఏకవచనం బహువచనం అన్నీ తప్పాయి. ఎవరూ దిద్దలేదు. మేనేజరు పెన్ను కిందపెట్టి వింది.

నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. న్యాయమే. ఆంటీని ఏమీ అనలేదు. ఇకనుంచి ఆవిడ నోట్సు ఆవిడే, తనకి తోచిన మాటల్లో రాయొచ్చని, అర్థంకాకపోతే చదివేవాళ్లే వెళ్లి అడగాలని మేనేజరు అందరికీ చెప్పింది.

ఆ రోజు మూడు గంటలకి కారు గేటు దాటగానే నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఆంటీ, నన్ను క్షమించండి..."

"వంతెన రాలేదే," అంది ఆంటీ.

"ఆంటీ, ప్లీజ్."

"రూల్ ఈజ్ రూల్. స్పిల్ ఇట్, కిడ్డో." ఉన్నదంతా కక్కెయ్యమని.

ఇంగ్లీషులో నా దగ్గరున్నది 'సారీ' అనే ఒక్క మాటే. ఆ మాట ఇక్కడ సూపర్ మార్కెట్‌లో బండి తగిలినా అంటారు. అది చాలదని నాకే తెలుసు. తెలుగులో అయితే చేతులు పట్టుకుని, ఏడ్చి, మీరు నాకు అమ్మలాంటివారని చెప్పి గట్టెక్కేదాన్ని. ఇంగ్లీషులో ఆ దారి లేదు. ఏం చేశానో చెప్పాలి, ఎందుకు చేశానో చెప్పాలి. మిమ్మల్ని చూసి సిగ్గుపడ్డాను అని చెప్పాలి. చెప్పాను. కార్లు నత్తల్లా కదులుతున్నాయి. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఒక్కసారి కూడా యాండ్ హౌ అనలేదు.

వంతెన దిగాక ఆంటీ ముక్కు చీది, తెలుగులో, "సరేలే. ఇంటికొచ్చి చారన్నం తినెళ్లు. మూణ్ణాళ్లబట్టీ మొహం పీక్కుపోయింది," అంది.

తాత పదకొండు రోజులకి చిక్కి సగమై తిరిగొచ్చాడు. ఆంటీ తలుపు తట్టి అడిగింది. నేను వెనకే నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "నియర్లీ జేక్," అన్నాడు. ఆంటీ బయటికొచ్చి గోడకి ఆనుకుని జేబురుమాలుతో కళ్లు తుడుచుకుంది. నోట్సులో ఆ రెండు మాటలూ యథాతథంగా రాసింది. మూడోసారి పరీక్షలో నాకు మాట్లాడే భాగం వచ్చేసింది. ఎలా వచ్చిందని అడిగినవాళ్లందరికీ వంతెన పేరు చెప్పాను.

తర్వాత మేం వెల్లింగ్టన్ వచ్చేశాం. నెలకోసారి ఫోను. నేను "హౌజ్ ట్రిక్స్?" అనడం, ఆవిడ "ఎవ్రీథింగ్స్ జేక్," అనడం. మోకాలి ఆపరేషనప్పుడూ జేక్, ఉద్యోగం మానేసిన రోజూ జేక్.

రెండేళ్ల కిందట ఆవిడ తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఉంది, ఇంక ఇంటికి తీసుకెళ్లేది లేదన్నాడు. నేను మర్నాడు మధ్యాహ్నానికి టౌరంగా చేరాను. నన్ను చూడగానే వార్డులో కుర్ర నర్సు ముఖం విప్పారింది. "మీ ఆంటీ మాకందరికీ ఎంత ఇష్టమో! నొప్పెలా ఉందని ఎప్పుడడిగినా ఎవ్రీథింగ్స్ జేక్ అంటారు. మేమంతా ఆ మాట నేర్చేసుకున్నాం."

మంచంలో ఆవిడ ఇంకా చిన్నదైపోయింది. తలకి వల లేదు. వాచీ మాత్రం ఆసుపత్రి గౌను మీద పిన్నుతో తగిలించి ఉంది. నుదుటి మీద చెమట. దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పట్టుకుంది. జీవితమంతా మంచం పక్కన నిలబడి అడిగిన మనిషికి, మంచంలో పడుకుని చెప్పడం చేతకాలేదు.

నేను వంగి, మామూలుగానే, "హౌజ్ ట్రిక్స్?" అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. పెదవులు తడుపుకుంది.

"వంతెన దాటేశాం కదే," అంది. "తెలుగులో అడుగు."

దుప్పటి మీంచి ఆవిడ చెయ్యి తీసి పట్టుకున్నాను. "ఎలా ఉంది ఆంటీ?" అన్నాను.

"నొప్పిగా ఉందే అమ్మాయ్. ఓర్చుకోలేకపోతున్నా."

ఇన్నేళ్లలో ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. చెయ్యి విడిపించుకుని లేచి ఆ కుర్ర నర్సు దగ్గరికి వెళ్లాను. ఆవిడ జేక్ అంటే నమ్మొద్దని చెప్పాను. నొప్పి ఎంతుందో, ఎందుకు చెప్పలేదో, ఇప్పుడు ఏం కావాలో, ఒక్క మాట మింగకుండా చెప్పాను. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. వెంటనే డాక్టరుని పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చుని, "ఆవిడ ఏమన్నారో అన్నట్టే చెప్పండి," అంది.

ముందు తెలుగులో చెప్పాను, తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి తెలుగు ముక్కని కూడా అక్షరం అక్షరం అడిగి టైప్ చేసుకుంది.